నలభై ఎనిమిది అంకెల కోసం ముప్ఫై ఎనిమిది రోజులు

2025 మార్చి 8, శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ రిపేరు నుంచి ఇంటికొచ్చింది. ఛార్జింగ్ ఎక్కక చచ్చిపోతే మదర్‌బోర్డు మార్చారు. పవర్ బటన్ నొక్కగానే లోగో వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే తెరంతా నీలంగా మారి, ఈ డ్రైవ్‌కి బిట్‌లాకర్ రికవరీ కీ ఇమ్మంది. అంకెలు కొట్టడానికి ఒక ఖాళీ గడి, దాని కింద 'రికవరీ కీ ఐడీ' పేరుతో అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస.

బిట్‌లాకర్ అంటే డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదని తర్వాత తెలిసింది. విండోస్ 11 హోమ్‌లో ఇదే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో ఉంటుంది. కొత్త మెషీన్‌లో మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే అది తనంతట తానే డ్రైవ్‌కి తాళం వేసుకుని, మారు తాళంచెవిని ఆ అకౌంట్‌లో పడేస్తుంది. అసలు చెవి టీపీఎమ్‌లో, అంటే మెషీన్ లోపల తాళంచెవులు దాచే భద్రతా ఏర్పాటులో, ఉంటుంది. నా ల్యాప్‌టాప్ ఇంటెల్‌ది. ఇలాంటి వాటిలో టీపీఎమ్ పని చాలావరకు ప్రాసెసర్ వైపే పీటీటీ అనే ఏర్పాటు చూసుకుంటుంది, అది దాచుకునే సరుకు బయాస్ చిప్‌లో, అంటే మెషీన్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రాం ఉండే చిప్‌లో, ఒక మూల ఉంటుంది. ప్రాసెసరూ బయాస్ చిప్పూ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి, బోర్డు మారిస్తే ఇల్లు అలాగే ఉండి తాళంచెవి మాత్రం పాత బోర్డుతో పాటు పోతుంది.

షాపుకి ఫోన్ చేశాను. "మీరే ఏదో పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారు సార్. తీసుకురండి, ఫార్మాట్ కొట్టి పది నిమిషాల్లో ఇస్తా" అన్నాడు. బోర్డు మార్చేముందు కీ ఉందా అని అడగాల్సింది కదా అంటే, డేటాకి బాధ్యత లేదని బిల్లు వెనకాల రాసుందన్నాడు. నిజంగానే ఉంది. బతికున్న మెషీన్ అయితే బోర్డు విప్పేముందు బిట్‌లాకర్ ప్రొటెక్షన్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చెయ్యొచ్చు. చచ్చిన మెషీన్‌లో అదీ కుదరదు. అడగడం ఒక్కటే చెయ్యగలిగేది.

ఆ రాత్రి చేసిన మంచిపని, ఏమీ నొక్కకపోవడం. ఆ నీలం తెర మీద ఎస్కేప్ కొడితే వేరే దారులు కనిపిస్తాయి. 'ఈ డ్రైవ్‌ని వదిలెయ్యి', ఆ తర్వాత ట్రబుల్‌షూట్, అందులో 'రీసెట్ దిస్ పీసీ'. చూడ్డానికి అదే పరిష్కారంలా ఉంటుంది. దాన్ని చివరిదాకా నడిపిస్తే ఫైళ్లు పోతాయి, ఆ తర్వాత కీ దొరికినా పనికిరాదు. బయాస్‌లోకి వెళ్లి చూస్తే కొత్త బోర్డులో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను, లాభం లేకపోయింది. ఉత్త బయాస్ అప్‌డేట్ వల్లో, సెక్యూర్ బూట్ సెట్టింగు కదలడం వల్లో ఈ తెర వచ్చినవాళ్లకి మాత్రం ముందున్న సెట్టింగు తిరిగి పెడితే చాలాసార్లు దానంతటదే తెరుచుకుంటుంది. ముందు అది చూసుకోండి. నాకు టీపీఎమ్మే మారిపోయింది.

మార్చి 9, ఆదివారం. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ రికవరీ కీల పేజీ తెరిచాను. నా అకౌంట్‌లో కీలేవీ లేవని ఒక్క వాక్యం. పాత ఔట్‌లుక్ మెయిల్‌తో చూశాను, లేదు. ఆఫీసు అకౌంట్‌లో డివైసుల జాబితా చూశాను, ఆ ల్యాప్‌టాప్ పేరే లేదు. ఇంట్లో ఉన్న నాలుగు పెన్‌డ్రైవ్‌లలో 'బిట్‌లాకర్ రికవరీ కీ' అని మొదలయ్యే టెక్స్ట్ ఫైలు కోసం వెతికాను. మధ్యాహ్నానికి కడుపులో ఒక రకమైన చల్లదనం మొదలైంది. ఐదేళ్ల ఇన్‌కమ్‌ట్యాక్స్ కాగితాలు, పొలం పాస్‌బుక్కు స్కాన్లు, పాప మొదటి రెండేళ్ల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. వన్‌డ్రైవ్ నిండిపోయిందని ఏడాది కిందట నేనే ఆపేశాను.

మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చాట్‌లో అడిగితే, పోయిన కీని తాము ఇవ్వలేమనీ మళ్లీ తయారు చెయ్యలేమనీ చెప్పారు. మర్యాదగానే చెప్పారు. అది నిజం కూడా.

ఎవరి చెయ్యీ రీసెట్ మీద పడకూడదని ఆ సాయంత్రమే ఫైళ్లుండే డ్రైవ్‌ని, అంటే ఎస్ఎస్‌డీని, బయటికి తీశాను. వెనక మూత స్క్రూలు, తర్వాత ఎస్ఎస్‌డీని పట్టుకున్న ఒకే ఒక చిన్న స్క్రూ. చూయింగ్ గమ్ బిళ్లంత ముక్క, 512 జీబీ. దాన్ని యూఎస్‌బీకి తగిలించడానికి ఎన్‌క్లోజర్ అనే చిన్న పెట్టె కావాలి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఈ ముక్కల్లో సాటా, ఎన్‌వీఎమ్‌ఈ అని రెండు రకాలు, నాది ఎన్‌వీఎమ్‌ఈ. 450 రూపాయలకి దొరికేవి సాటా రకం ఎన్‌క్లోజర్లు. అందులోనూ ఈ ముక్క దూరినట్టే ఉంటుంది కానీ ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌ని అది గుర్తించదు. ఎన్‌వీఎమ్‌ఈ అని స్పష్టంగా రాసున్నది 1,150 పడింది.

వేరే విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే డ్రైవ్ గుర్తు మీద పసుప్పచ్చ తాళం కనిపించింది. నొక్కితే 'మరిన్ని ఆప్షన్లు' దగ్గర కీ ఐడీ మొదటి 8 అక్షరాలు చూపించింది. నీలం తెరని ముందురోజు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి పోల్చి చూశాను, ఒకటే. ఈ 8 అక్షరాలు చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత వస్తుంది. ఆ తర్వాత లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డ్రైవ్ మొత్తాన్నీ 1 టీబీ హార్డ్‌డిస్క్ మీదికి నకలు తీశాను. తాళం వేసిన డ్రైవ్ కాబట్టి ఏది ఖాళీయో ఏది నిండినదో దానికి తెలియదు, 512 జీబీ అంతా కక్కాల్సిందే. గంటా నలభై నిమిషాలు పట్టింది. తాళం తియ్యలేకపోయినా నకలు మాత్రం తియ్యొచ్చు. అది చేతికొచ్చాకే ఆ రాత్రి నిద్రపట్టింది.

మార్చి 10, సోమవారం. అప్పుడు తట్టింది, పాత బోర్డు ఏమైందని. బోర్డు ఖరీదు 17,500 చెప్పి, పాతది తీసుకుని 2,000 తగ్గించాడు. అంటే నా తాళంచెవి రెండు వేలకి వాళ్ల అట్టపెట్టెలోకి పోయింది. పాత బోర్డుని ఒక్క పూట బతికించగలిగితే చాలు. ఎస్ఎస్‌డీ దానికి పెడితే కీ అడగకుండానే విండోస్ లోపలికి వెళ్తుంది, అక్కణ్నుంచి కీ రాసుకోవచ్చు. అందుకే, బోర్డు మార్పించేవాళ్లెవరైనా పాత బోర్డుని ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వకండి. షాపులో ఇంకా పారెయ్యలేదు. అదే రెండు వేలు తిరిగిచ్చి తెచ్చుకున్నాను.

మర్నాడు చిప్ లెవెల్ పనిచేసే ఒకాయనకి ఇచ్చాను. 15వ తేదీ, శనివారం ఫోన్ వచ్చింది. "లేచింది సార్ మీ బోర్డు. ఛార్జింగ్ లైన్‌లో మాస్‌ఫెట్ అని ఒక చిన్న భాగం షార్ట్ అయింది, అంతే." బండి మీద వెళ్తున్నంతసేపూ గుండె దడదడే. ఎస్ఎస్‌డీ బిగించి పవర్ నొక్కారు. లోగో వచ్చింది. మళ్లీ అదే నీలం తెర, అదే ఐడీ.

ఆయన బోర్డుని వంచి, భూతద్దం కింద బయాస్ చిప్ చూపించారు. ఎనిమిది కాళ్ల నల్లటి చిప్, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. దాని కాళ్ల మీద సన్నటి గీతలు మెరుస్తున్నాయి. "ఇవి ప్రోగ్రామర్ క్లిప్ పెట్టిన గుర్తులు సార్. చెక్ చెయ్యడానికి వాళ్లు వేరే ఫైల్ ఎక్కించేశారు ఇందులోకి." పీటీటీ దాచుకున్న సమాచారం ఉండేది ఆ చిప్‌లోనే. ఎక్కించేముందు ఉన్నదాన్ని ఒక ఫైలుగా సేవ్ చేసి పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లైతే తిరిగి ఎక్కించొచ్చు. షాపుని అడిగితే, అలాంటివేవీ తాము దాచిపెట్టమన్నారు. అసలు జబ్బు మాస్‌ఫెట్‌ది, వాళ్లు చెరిపింది బయాస్‌ని. ఆయన కూలి 1,500 ఇచ్చి వచ్చేశాను. కోపం షాపు మీద కన్నా ఆ నాలుగు రోజులు పెట్టుకున్న ఆశ మీదే ఎక్కువొచ్చింది.

ఈలోగా 13వ తేదీన సికింద్రాబాద్‌లో కంప్యూటర్ కొట్లుండే సీటీసీకి కూడా వెళ్లాను. ఒక కొట్టులో డ్రైవ్ చూడ్డానికి 500 కట్టించుకుని, "అయిపోతది అన్నా, ఇరవై అయిదు వేలయితది, ఎనిమిది వేలు అడ్వాన్స్ ఇయ్యిరి, వారం రోజుల్ల తీస్తం" అన్నారు. ఎట్లా తీస్తారని అడిగితే, సాఫ్ట్‌వేర్ ఉందన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో వాళ్లు చెప్పలేదు, నేను అడ్వాన్స్ ఇవ్వలేదు. పక్క వరసలో ఇంకో పెద్దాయన డ్రైవ్ చేతిలోకి కూడా తీసుకోకుండా, "బిట్‌లాకరా? కీ ఉన్నదా? లేకుంటే నా దగ్గర గాదు, ఎవ్వని దగ్గరా గాదు. పైసలు ఖరాబు చేస్కోకు బిడ్డా, కీ దేవులాడుకో పో" అని పంపించేశాడు. ఆయన ఫీజు తీసుకోలేదు. మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన సరైన సలహా అదే.

లెక్క కూడా ఆయన వైపే ఉంది. రికవరీ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపు 11తో నిశ్శేషంగా భాగించబడాలి, భాగిస్తే వచ్చే సంఖ్య 65,536 కన్నా తక్కువ ఉండాలి. అంటే గుంపుకి 16 బిట్లు, మొత్తం 128 బిట్లు. ఊహించి కొట్టేది కాదు. ఇప్పటికే కొన్ని అంకెలు తెలిసి ఒక గుంపు మాత్రమే చెరిగిపోయినవాళ్లకైతే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు.

మార్చి 15 రాత్రి పాత మెయిళ్లు తిరగేస్తున్నాను. ఏడాది కిందట ఒక ప్రోగ్రాం ఎర్రర్ ఇస్తే స్నేహితుడికి స్క్రీన్‌షాట్ పంపాను. అందులో ఫైలు దారి కనబడుతోంది. సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత ఐదక్షరాల ఫోల్డర్ పేరు. ఆ అయిదు అక్షరాలు నా పేరులోవి కావు. ఇన్నాళ్లూ రోజూ చూస్తూ కూడా ఎందుకని అడగలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ మొదటిసారి సెటప్ చేస్తే, ఆ మెయిల్ ఐడీలో మొదటి ఐదక్షరాలే యూజర్ ఫోల్డర్ పేరవుతుంది. తర్వాత అకౌంట్ మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఆ ఐదూ మా బావ ఇంటిపేరులోవి.

2023 ఆగస్టులో డాలస్ నుంచి వస్తూ ఆయన తెచ్చిన ల్యాప్‌టాప్ అది. కస్టమ్స్‌లో కొత్తదిలా కనిపించకూడదని పెట్టె అక్కడే వదిలేసి, ఆన్ చేసి, వాడినట్టుగా తెచ్చారు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ల్యాప్‌టాప్ వాడుతున్న ప్రతి ఇంట్లోనూ ఈ కథకి సగం సామాను సిద్ధంగా ఉన్నట్టే.

16 పొద్దున 8 గంటలకి ఫోన్ చేశాను, వాళ్లకి శనివారం రాత్రి తొమ్మిదిన్నర.

"బావా, ఈ ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు మీరు ఏ మెయిల్ ఇచ్చారు?"

"ఏదో హాట్‌మెయిల్ పెట్టాన్రా, ఇంజినీరింగ్ రోజుల్లోది. మెయిన్ అకౌంట్ ఎందుకులే అని. నీకిచ్చేముందు తీసేశానుగా?"

తీసేశారు. అకౌంట్ తీసేస్తే తాళం పోదు, కీ కూడా వెంట రాదు. నేను తర్వాత నా అకౌంట్ కలుపుకున్నా కీ నకలు నా దాంట్లోకి రాలేదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ నీలం తెర మీదే ఏ అకౌంట్‌లో కీ ఉందో మెయిల్ ఐడీ కొంత దాచి చూపిస్తోంది. నాది 23హెచ్2.

పాస్‌వర్డ్ ఆయన బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంది. లాగిన్ అయ్యారు. కీల పేజీకి వెళ్లగానే, మీరే అని నిర్ధారించుకోవాలి, ఈ నంబర్‌కి కోడ్ పంపమంటారా అంది. చివరి రెండు అంకెలు చూసి బావ నవ్వారు. విజయవాడ హాస్టల్లో వాడిన నంబర్. ఎప్పుడో వదిలేసింది, ఈపాటికి వేరేవాళ్లకి కేటాయించి ఉంటారు. రెండో దారి కాలేజీ మెయిల్, అదీ లేదు. మిగిలింది 'ఇవేవీ నా దగ్గర లేవు' అన్న వరస. అది నొక్కి కొత్త ఫోన్ నంబర్ ఇస్తే, పాత వివరాలన్నీ తీసేసి కొత్తవి పెట్టడానికి 30 రోజులు పడుతుందని చెప్పింది. అప్పటిదాకా మెయిల్ చూసుకోవచ్చు గానీ కీల పేజీ లాంటివి తెరుచుకోవు. ఎవరైనా దొంగ ఈ పని చేస్తుంటే అసలు మనిషికి తెలిసి ఆపుకోవడానికి ఆ గడువు. సపోర్ట్ వాళ్లు కూడా దాన్ని ఒక్కరోజు తగ్గించలేరు.

ఆ 30 రోజుల్లో చెయ్యకూడనిది ఒకటుంది. కంగారులో మళ్లీ వివరాలు మార్చకూడదు, వచ్చే మెయిళ్లలో 'రద్దు చెయ్యి' అన్నది నొక్కకూడదు. మళ్లీ మొదలుపెడితే లెక్క మొదటికొస్తుంది. బావకి వారానికోసారి ఇదే గుర్తుచేశాను. మూడోసారికి "ఒరే, నేను ముట్టుకోన్రా బాబూ" అన్నారు.

ఇంకో సంగతి తెలిశాక ఒళ్లు జలదరించింది. రెండేళ్లపాటు ఒక్కసారి కూడా లాగిన్ కాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ని వాళ్లు మూసెయ్యొచ్చు. బావ దాన్ని చివరగా వాడింది నా ల్యాప్‌టాప్ సెటప్ చేసిన 2023 ఆగస్టులోనే. ఈ బోర్డు ఇంకో ఆర్నెల్లు ఆగి చచ్చిపోయుంటే వెతకడానికి అకౌంట్ కూడా మిగిలేది కాదేమో.

ఎదురుచూపు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఉగాది వచ్చి వెళ్లింది. మార్చి 31కి ఆఫీసులో ఇవ్వాల్సిన ట్యాక్స్ కాగితాలు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా బ్యాంకులోనా మళ్లీ తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌లో పాత 256 జీబీ ఎస్ఎస్‌డీ వేసి పని నడిపాను. అసలు ఎస్ఎస్‌డీని యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టి బీరువాలో దాచాను. ఒక్క భయం మాత్రం పోలేదు: ఆ అకౌంట్‌లో కీ ఉందని ఇంకా ఎవరూ కళ్లతో చూడలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం పొద్దున 7:40కి వాట్సాప్ మోగింది. వాళ్లకి ఇంకా 14 రాత్రే. పేజీ తెరుచుకుంది. ఒకటి కాదు, మూడు కీలున్నాయి. పక్కన డివైస్ పేరు, కీ ఐడీ, ఏ డ్రైవో చెప్పే 'ఓఎస్‌వీ' అన్న మాట, ఎక్కించిన తేదీ. డివైస్ పేర్లు మూడూ 'డెస్క్‌టాప్' అని మొదలై అర్థంలేని అక్షరాలతో ముగిశాయి, వాటితో ఏమీ తెలియదు. ఇక్కడే ఆ 8 అక్షరాలు పనికొచ్చాయి. రెండో వరసలోని ఐడీ కలిసింది, తేదీ 2023 ఆగస్టు.

ఫోన్‌లో అంకెలు చదివించుకోవద్దు, ఫొటో పంపించుకోండి. నేను ఫొటో చూసి కొట్టినా ఒకచోట తప్పాను. ల్యాప్‌టాప్ బూట్ అవకముందు పక్కనున్న నంబర్‌ప్యాడ్ ఒక్కోసారి పనిచెయ్యదు, పై వరస అంకెలు వాడాలి. ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా ఉన్న మీటలు కూడా అంకెల్లాగే పనిచేస్తాయి, ఎఫ్10 అంటే సున్నా. ప్రతి గుంపునీ అది అక్కడికక్కడే సరిచూస్తుంది కాబట్టి ఒక గుంపు దగ్గర ఆగిపోయింది. ఫొటోలో 8ని నేను 3 అనుకున్నాను. ఉదాహరణకి 418253 తీసుకోండి. ఒకటి విడిచి ఒకటి కూడితే 4, 8, 5 కలిపి 17; 1, 2, 3 కలిపి 6; తేడా 11, కాబట్టి సరైన గుంపు. అదే 413253 అయితే 12కీ 6కీ తేడా 6, చెల్లదు. మసగ్గా ఉన్న ప్రింటవుట్ నుంచి కీ చదువుకునేవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేసుకోవచ్చు.

ఎంటర్ కొట్టాను. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. నా వాల్‌పేపర్ వచ్చింది. అక్కడా ఒక మెలిక. రోజూ వాడే నాలుగంకెల పిన్ అందుబాటులో లేదంది, ఎందుకంటే ఆ పిన్ కూడా పాత టీపీఎమ్‌కే కట్టి ఉంటుంది. అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. కీ దొరికిందన్న సంతోషంలో పాస్‌వర్డ్ మర్చిపోయినవాడికి ఇంకో గుమ్మం ఉందన్నమాట. నాకు గుర్తుంది.

మొదట చేసింది ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి తీసుకోవడం. తర్వాతే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేశాను. తాళం పూర్తిగా విప్పుకోవడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది, అంతసేపూ ఛార్జర్ పెట్టే ఉంచాను. ఆ తర్వాత నా అకౌంట్‌తో మళ్లీ ఆన్ చేశాను. ఇలా చేస్తే కొత్త బోర్డు టీపీఎమ్‌కి కొత్తగా ముడిపడుతుంది, కీ కూడా కొత్తది పుడుతుంది, పాతది ఇక చెల్లదు. అది నా అకౌంట్ పేజీలో కనిపించిందాకా ఆగి, ఐడీ సరిచూసి, ప్రింటు తీసి ఎల్ఐసీ బాండ్ల కవర్‌లో పెట్టాను. డీడీరెస్క్యూ నకలు పాత కీతోనే తెరుచుకుంటుంది కాబట్టి, ఆ పాత 48 అంకెలు కూడా అదే కాగితం వెనక రాశాను.

ఖర్చు: బోర్డు 15,500, పాత బోర్డు వెనక్కి 2,000, చిప్ లెవెల్ 1,500, ఎన్‌క్లోజర్ 1,150, సీటీసీలో చూపించిన పాపానికి 500. మొత్తం 20,650. ఇందులో కీ కోసం నిజంగా పనికొచ్చింది ఎన్‌క్లోజర్ ఒక్కటే, అదీ కొంతవరకే. మాస్‌ఫెట్‌తోనే పోయేదానికి బోర్డు మార్పించానన్న సంగతి నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సాయంత్రం బావ మళ్లీ ఫోన్ చేశారు. "పని అయిపోయిందిగా, ఆ హాట్‌మెయిల్ మూసెయ్యనా?" అని. మిగతా రెండు కీలు ఏ మెషీన్లవో ముందు చూడమన్నాను. గంట తర్వాత మెసేజ్ పెట్టారు. ఒకటి ఎప్పుడో అమ్మేసినది. ఇంకోటి మా అక్క రోజూ ఆఫీసు పని చేసుకునే ల్యాప్‌టాప్‌ది.